మునగాల మట్టయ్య తొమ్మిదో ఆట

2011 జనవరి 24, సోమవారం. కోదాడ.

నా అక్షరాలు బాగుండవు. తప్పులు కూడా పోతాయి. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. ఏడో తరగతి దాకా చదివాను, ఆ తర్వాత పెన్ను పట్టింది సంతకాలకే. ఇది ఎవరి కంటనైనా పడితే రాతను చూసి నవ్వొద్దని ముందే చెప్తున్నాను. ఎవరి కంటా పడొద్దనే బియ్యం డబ్బా వెనుక పెడుతున్నాను.

నిన్న జరిగింది ఎవరికీ చెప్పుకోలేను. అందుకే రాస్తున్నాను.

నిన్న ఆదివారం మిర్యాలగూడ నుంచి సాంసన్ అన్న, సూర్యాపేట నుంచి జానయ్య అన్న వచ్చారు. ఇద్దరూ మా ఆయనతో పాటు సూర్యాపేట హాస్టల్లో ఉండి చదివినవాళ్ళు. సాంసన్ అన్న ఇప్పుడు బడిలో సారు. జానయ్య అన్నకు గొర్లు, పాల వ్యాపారం. ముందు గదిలో చాప మీద వాళ్ళ రిజిస్టరు తెరిచి కూర్చున్నారు. నేను చాయ్ పోస్తున్నాను.

"మట్టయ్య ఆట మానేసిండు. ఈసారి గొప్పోళ్ళ పేజీల ఎక్కించాల్సిందే. పదమూడేండ్లు ఆడిండు," అన్నాడు జానయ్య అన్న.

"ఆడితే సాలదురా, ఏం ఆడిండో సూడాలె. రెండువేల ఎనిమిది తీసెయ్యి. సగటెంత? పందొమ్మిది. పందొమ్మిది కొట్టేటోళ్ళు మన రిజిస్టర్ల గంపెడు మంది ఉన్నరు," అన్నాడు సాంసన్ అన్న.

"మోకాలు పోయినంక గూడ ఆడిండు. అది లెక్కకు రాదా?"

"మోకాలు పోయిందని రాసింది నువ్వే, ఇప్పుడు ఏడుస్తున్నది నువ్వే."

గుమ్మంలో వత్తులు చేసుకుంటున్న మా అత్తమ్మ బాలమ్మ తల ఎత్తింది. "ఎవలురా ఆ మట్టయ్య? ఎప్పుడొచ్చినా ఆని ముచ్చటే. పెండ్లన్న అయిందా ఆనికి?"

"కాలే పెద్దమ్మా. పిల్లను సూడు జర," అన్నాడు జానయ్య అన్న. ముగ్గురూ నవ్వారు.

నవ్వు ఆగాక సాంసన్ అన్న రిజిస్టరులో ఒక పేజీ మీద వేలు పెట్టి అన్నాడు. "ఈ రెండువేల ఎనిమిదిని నేను ఒప్పుకోను. ఇది ఆ పేజీ దాక రావొద్దు."

నా చేతిలో గ్లాసు ఒరిగింది. చాయ్ రిజిస్టరు మీద పడేదే, మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. అరచెయ్యి కాలింది. కాలిన చెయ్యిని చూసుకోలేదు. రిజిస్టరునే చూసుకున్నాడు.

మట్టయ్య అనే మనిషి ఎక్కడా లేడు. ఆ రిజిస్టరులోనే ఉన్నాడు. 2008లో అతను కొట్టిన పాయింట్లు నేను అల్లినవి.

జనవరి 25

అన్నం మాడింది. అత్తమ్మ తిట్టింది. ఆయన చేతికి వెన్న రాయబోతే "ఏం గాలే" అని వెనక్కి తీసుకున్నాడు. నా మొహం చూడలేదు. చూశాడేమో, నేనే తల ఎత్తలేదు.

జనవరి 27, గురువారం

అత్తమ్మ పడుకుంది. రాస్తే బరువు తగ్గుతుందేమో చూస్తాను.

హాస్టల్లో బాస్కెట్‌బాల్ స్తంభం ఒకటి ఉండేదట. ఉన్న ఒక్క బంతి పగిలింది, కొత్తది రాలేదు. అప్పుడు ఈ ముగ్గురు పుస్తకంతో ఆడటం మొదలుపెట్టారు. ఎనిమిది ఊళ్ళ పేర్లతో ఎనిమిది జట్లు, జట్టుకు ఐదుగురు. మునగాల జట్టు మా ఆయనది. అందులో మట్టయ్య ఆరడుగుల నాలుగంగుళాలు, ఎడమచేతి వాటం, గొర్ల కాపరి కొడుకు. ఇవన్నీ పదిహేనేండ్ల వయసులో రాసుకున్నవి.

పదో తరగతి సోషల్ పుస్తకం కళ్ళు మూసుకొని తెరవాలి. ఎడమచేతి వైపు పేజీ నంబరులో చివరి అంకె ఎంతయితే అన్ని పాయింట్లు. ఒక్కో ఆటగాడికి ఐదుసార్లు తెరిచి కూడాలి. ఏడాదికి పద్నాలుగు ఆటలు. ఎవరి జట్లను వాళ్ళు ఇంట్లో ఆడించి ఫోన్లో చెప్పుకుంటారు. పక్కన చూసేవాళ్ళు ఉండరు. మాట మీద నడిచే ఆట. ఇన్నేండ్లలో ఒక్కరూ ఒక్క అంకె కూడా తప్పు చెప్పలేదని మా ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్తాడు. ఆ మాట అన్నప్పుడల్లా నేను వంటింట్లోకి పోతాను.

ఆట మానినవాళ్ళలో గొప్పవాళ్ళ పేర్లు రిజిస్టరు చివరి పేజీలో ఎర్ర సిరాతో రాస్తారు. పేపర్లో చూసి మొదట దానికి హాల్ ఆఫ్ ఫేమ్ అని పేరు పెట్టారట, తర్వాత గొప్పోళ్ళ పేజీ అయింది. ముగ్గురి చేతులూ లేస్తేనే పేరు ఎక్కుతుంది. ఒక్కదానికి మాత్రం చర్చ లేదు. ఒకే ఆటలో ఐదుకైదు ఎనిమిదులు పడి నలభై కొట్టినవాడు నేరుగా ఎక్కుతాడు. ఇంతవరకు ఎవరూ కొట్టలేదు. ఇప్పటికి ఆ పేజీలో ఉన్నవి నాలుగే పేర్లు.

2008 ఆగస్టులో ఆయన వ్యాను నడుపుకుంటూ వస్తుంటే మునగాల దగ్గర లారీ గుద్దింది. కాలిలో రాడ్డు వేశారు, కుడిచేతికి పట్టీ. దవాఖాన నుంచి తెచ్చాక గోడవైపు తిరిగి పడుకున్నాడు. పెళ్ళయి ఏడాది దాటింది కానీ మేము మాట్లాడుకున్నది తక్కువ. అన్నం పెట్టనా అంటే పెట్టు అనేవాడు. ఇప్పుడు అది కూడా లేదు. ఇగ బండి నడపలేవని డాక్టరు చెప్పిన రోజు నుంచి రెండు ముద్దల కంటే ఎక్కువ తినలేదు. అత్తమ్మ ఏడుస్తుంటే నాకు ఏం చేయాలో తెలిసేది కాదు.

ఆ ఏడాది ఆటలు రోజుకొకటి పెట్టుకుందామన్నారు స్నేహితులు, ఆయనకు పొద్దుపోతుందని. పుస్తకం తెరవడానికి చెయ్యి లేదు. నాకు నేర్పాడు. గుమ్మం దగ్గర కూర్చుని తెరిచాను. మొదటి ఆటలో మట్టయ్యకు సున్నా, రెండు, సున్నా, నాలుగు, సున్నా. మొత్తం ఆరు. ఉన్నది ఉన్నట్టే చెప్పాను. "ఆనిది గూడ అయిపోయింది" అన్నాడు. పళ్ళెం ముట్టలేదు.

రెండో రోజు పది వచ్చింది. నా నోటి నుంచి మాత్రం ముప్పై అని రాబోయింది. మంచాన పడ్డ మనిషి ముందు సున్నా మీద ఆగే అంకె అనబుద్ధి కాలేదు. చదివింపులకు యాభై పెడితే ఒక రూపాయి కలిపి యాభై ఒకటి చేస్తాం కదా. అట్లా ఒకటి కలిపి "ముప్పై ఒకటి" అన్నాను.

ఆయన ఇటు తిరిగాడు. "ముప్పై ఒకటా?"

"అవును."

"ఎట్లెట్ల పడ్డయి?"

"తొమ్మిది, తొమ్మిది, ఐదు, ఎనిమిది, సున్నా."

"తొమ్మిది పడ్డదా?"

"రెండుసార్లు పడ్డది."

నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు. ఇంటికి తెచ్చాక అదే మొదటి నవ్వు. పక్కటెముకలు నొస్తున్నాయని పట్టుకుని మరీ నవ్వాడు. "అన్నం పెట్టు" అన్నాడు.

తర్వాత రోజూ అడిగేవాడు. ఎట్లా ఆడాడు, అవతలివాళ్ళు ఏమన్నారు, మోకాలు నొచ్చిందా. నేను రోజూ చెప్పాను. ఆట కూడా చూసినట్టే చెప్పాను. సిగ్గు ఎటు పోయిందో తెలియదు. పుస్తకం మాత్రం రోజూ తెరిచేదాన్ని, అది చెప్పింది వినేదాన్ని, నాకు నచ్చింది మళ్ళీ ఆ ఒకటి కలిపి చెప్పేదాన్ని. మొదటిది తప్ప పదమూడు ఆటలూ అబద్ధాలే.

తొమ్మిదో ఆట సంగతి రాయను.

జనవరి 31

నేను ఎవరికి నష్టం చేశాను? లేని మనిషికి లేని పాయింట్లు వేశాను. దొంగతనం కాదు. ఎవరి కడుపూ కొట్టలేదు. ఒక మనిషి అన్నం తిన్నాడు. అంతే కదా.

పొద్దున సాంసన్ అన్న ఫోను. మా ఆయన అరుగు మీద మాట్లాడుతున్నాడు. "ఆదివారం జానయ్య ఇంట్ల తేల్సుకుందాం. జాతర మొదలైతే ఆడు గొర్లు ఇడిసి రాడు" అన్నాడు. ఇంకేదో విని, "ఆ సంగతి నాకు ఇడిసిపెట్టు" అన్నాడు.

ఏ సంగతి?

ఎవరికీ నష్టం చేయలేదు.

ఫిబ్రవరి 3, గురువారం

ఆయన రైస్ మిల్లు కాంటా దగ్గరికి పోయాక రిజిస్టరు తీశాను. చించేద్దామనే తీశాను. ఎలుక కొరికిందని చెప్పవచ్చు అనుకున్నాను.

2008 పేజీ తెరిచి కూర్చున్నదాన్ని అట్లనే ఉండిపోయాను.

మట్టయ్య పాయింట్లు పద్నాలుగు ఒక వరుసలో ఉన్నాయి. ఆరు, ముప్పై ఒకటి, ఇరవై తొమ్మిది, ముప్పై మూడు, అట్లా. ఆరు కింద ఏమీ లేదు. మిగతా పదమూడింటి కింద పెన్సిలుతో సన్నని చుక్కలు. ఒక్కటి కూడా తప్పలేదు. మిగతా ఆటగాళ్ళ పాయింట్ల కింద ఎక్కడా చుక్క లేదు.

ఎవరో పట్టుకున్నారు. ఏది నిజమో ఏది కాదో నాకొక్కదానికే తెలుసు అనుకున్నాను. నా గుండెలో కూర్చుని చూసినట్టు చుక్కలు పెట్టారు. సాంసన్ అన్న లెక్కల సారు కాదు, సైన్సు సారు. అయినా సారే కదా.

చించలేదు. రిజిస్టరును తీసినచోటే పెట్టాను.

ఫిబ్రవరి 4

ఆదివారం తనతో రమ్మన్నాడు. "జానయ్య పెండ్లాం రేణుకమ్మ రమ్మంటున్నది" అన్నాడు. ఎప్పుడూ పిలవలేదు ఆమె.

ఫిబ్రవరి 7, సోమవారం

నిన్న సూర్యాపేటలో ఏం జరిగిందో వరుసగా రాయాలి. లేకపోతే నేనే నమ్మను.

జానయ్య అన్న ఇంటి ముందు రేకుల కింద మంచాలు వేశారు. రిజిస్టరు, సోషల్ పుస్తకం మా ఆయన సంచిలో తెచ్చాడు. నేను రేణుకమ్మ వదినతో గడప దగ్గర చిక్కుడుకాయ తుంచుతున్నాను. వాళ్ళ మాటలన్నీ వినిపిస్తున్నాయి.

జానయ్య అన్న నిలబడి మాట్లాడాడు, పంచాయితీలో మాట్లాడినట్టు. మట్టయ్య ఎన్నడూ ఆట ఎగ్గొట్టలేదన్నాడు. అనంతగిరి జట్టు మీద ఒక్కడే నిలబడి గెలిపించాడన్నాడు. "నేను చెయ్యి లేపుతున్న. మీ ఇష్టం," అని లేపి, దించకుండా అట్లనే ఉన్నాడు.

"దించురా, చంక కనపడ్తుంది," అన్నాడు సాంసన్ అన్న. "నాది ఒక్కటే మాట. ఆ పదమూడు ఆటల సంగతి ఎవరన్న మాట్లాడుతరా, నేనే మాట్లాడాల్నా?"

పదమూడు అన్నాడు. పద్నాలుగు అనలేదు.

మా ఆయన నేల చూస్తున్నాడు. నాకు ఏమైందో తెలియదు. ఒళ్ళో చిక్కుడుకాయలు కింద పోయాయి. మగవాళ్ళ మధ్యలో ఎప్పుడూ నోరు తెరవనిదాన్ని, లేచి నిలబడ్డాను.

"అన్నా, అవి నేను అల్లి చెప్పినవి. పుస్తకంల వచ్చినవి కావు. ఆయనకు తెల్వదు. ఆయన్ను ఏమనొద్దు."

ఎవరూ ఉలిక్కిపడలేదు. అదే నాకు దెబ్బ. పిడుగు వేశాననుకుంటే వాళ్ళు ముగ్గురూ వాన కోసం చూస్తున్నవాళ్ళలా కూర్చున్నారు.

"కూసో చెల్లె," అన్నాడు జానయ్య అన్న. సోషల్ పుస్తకం నా చేతిలో పెట్టాడు. "ఎడమ పేజీల తొమ్మిది తీసి సూపియ్యి."

తెరిచాను. ముప్పై ఆరు. మళ్ళీ తెరిచాను. నూట రెండు. మళ్ళీ. డెబ్బై నాలుగు.

"పొద్దుమూకేదాక తెరిసినా రాదమ్మా," అన్నాడు సాంసన్ అన్న మెత్తగా. "ఎడమ పక్క ఎప్పుడూ సరిసంఖ్యే. ఐదుసార్లు కూడినా సరిసంఖ్యే. మన రిజిస్టర్ల పదమూడేండ్ల నుంచి ఒక్క బేసి లేదు. నీ పదమూడు తప్ప."

"చదివింపులోలె రూపాయి కలిపినవ్ గదా," అని జానయ్య అన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. రేణుకమ్మ వదిన అతన్ని కసిరింది.

నేను మా ఆయన్ను చూశాను. "నీకు తెలుసా?"

జవాబు సాంసన్ అన్న చెప్పాడు. "రెండో ఆట రోజు ఫోన్ చేసి ముప్పై ఒకటి అన్నడు. బేసి ఎట్ల వస్తదిరా అన్న. 'ఏం అడగకు, రాస్కో' అన్నడు. ఫోన్ల నవ్వుతున్నడు. గుద్దినకాడ్నుంచి వాని నవ్వు ఇన్లేదు నేను. రాస్కున్న."

"మరి ఇప్పుడేం కొట్లాటరా?" అన్నాడు జానయ్య అన్న. "ఎనిమిదిల రాస్కున్నోడివి ఇప్పుడు ఒప్పుకో."

"అప్పుడు మనిషి కోసం రాసిన. ఈ పేజీ మనిషి కోసం కాదు. దీంట్ల ఉన్న నలుగురు పుస్తకం ఇచ్చిన దాంతోనే ఎక్కిండ్రు. మహేషూ, జట్టు నీది. నీ చెయ్యి చెప్పు."

మా ఆయన చెయ్యి లేవలేదు. కాలిన మచ్చ ఉన్న అరచెయ్యిని మోకాలి మీద బోర్లించి పెట్టుకున్నాడు. "చుక్కలు పెట్టింది నేనే," అన్నాడు. "ఎన్నడన్న ఎవరన్న సూస్తే ఇవి పుస్తకంవి కావు అని తెల్వాలె గదా. ఆ పదమూడు నా ఇంట్లయి. ఈ పేజీకి రావు."

జానయ్య అన్న చెయ్యి దించాడు. మట్టయ్య ఎక్కలేదు.

పుస్తకం మూసి ఇస్తుంటే సాంసన్ అన్న అంచులు చూసి, "పేజీల చెవులు ఎవరు మడిసిండ్రు? ఐదు ఉన్నయి. పుస్తకాన్ని గిట్ల చేస్తరా," అని బడిలో అన్నట్టు అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. నేను తల వంచుకుని చిక్కుడుకాయలు ఏరుకున్నాను.

వచ్చేటప్పుడు బస్సులో నాకు సిగ్గు కంటే ముందు కోపం వచ్చింది. మునగాల దగ్గర లారీ గుద్దిన మలుపు వచ్చినప్పుడు ఆయన ఎప్పుడూ కిటికీ అవతలికి చూడడు, నిన్న కూడా చూడలేదు, నావైపు తిరిగాడు.

"కోపమొచ్చిందా?"

"తెలిసి గూడ రోజూ ఎందుకు అడిగినవ్? రోజూ నాతోటి అబద్ధం చెప్పిచ్చినవ్."

"నువ్వు చెప్తుంటే ఇనబుద్దయ్యేది," అన్నాడు. "పెండ్లయినకాడ్నుంచి నువ్వు అన్ని మాటలు మాట్లాడింది గప్పుడే. మళ్ళ మాట్లాడలే."

నేను చేతిలో బస్సు టికెట్టు మడుస్తుంటే ఆయనే మళ్ళీ అడిగాడు.

"పుస్తకం నిజంగ తెరిసేదానివా, ఉత్తగనే చెప్పేదానివా?"

"తెరిసేదాన్ని."

"మరి ఎన్నొచ్చేటియి?"

"యాదికి లేదు."

అది కూడా అబద్ధమే. పద్నాలుగు అబద్ధాలు అయ్యాయి.

ఫిబ్రవరి 8, మంగళవారం

తొమ్మిదో ఆట సంగతి రాస్తాను. ఇది నీకే రాస్తున్నాను. నోటితో చెప్పడం నాకు రాదని నీకు తెలుసు.

అది వినాయకుళ్ళను నీళ్ళకు తీసుకుపోతున్న రోజు. మన సందులో డప్పులు కొడుతున్నారు. నువ్వు కిటికీ వైపు చూస్తున్నావు. నేను గుమ్మంలో కూర్చుని మట్టయ్యకు తెరిచాను. ఇరవై ఏడు అని చెప్దామని పొద్దున్నే అనుకుని పెట్టుకున్నాను.

మొదటిసారి నలభై ఎనిమిదో పేజీ. తర్వాత నూట పద్దెనిమిది. తర్వాత డెబ్బై ఎనిమిది. నాలుగోసారి రెండువందల ఎనిమిది. ఐదోసారి తెరవడానికి భయమైంది, చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని తెరిచాను. పద్దెనిమిది.

ఐదు ఎనిమిదులు. నలభై.

మట్టయ్య కొట్టాడు. నేను అల్లలేదు. ఆ పుస్తకమే ఇచ్చింది.

నువ్వు "ఎన్ని?" అన్నావు. ఏడు రోజులుగా అబద్ధాలు చెప్పినదాన్ని, ఎవరూ కొట్టని నలభై ఇప్పుడు చెప్తే దొరికిపోతాననుకున్నాను. నమ్మేటంత అంకె చెప్పాలి కదా. ఇరవై ఏడు అన్నాను. నువ్వు తల ఊపి, "మంచిగ ఆడిండు" అన్నావు. ఆ ఐదు పేజీల చెవులు మడిచి పెట్టాను. ఎందుకు మడిచానో అప్పుడు నాకే తెలియదు.

ఆదివారం నుంచి నాకు ఒక్కటే తిరుగుతోంది. నమ్ముతావని చెప్పిన ఇరవై ఏడును నువ్వు ఒక్క క్షణం కూడా నమ్మలేదు. నలభై సరిసంఖ్య. ఆ పదమూడు రోజుల్లో నువ్వు నమ్మేది అదొక్కటే ఉండేది. అదొక్కటే నేను చెప్పలేదు.

ఇప్పుడు చెప్తే సాంసన్ అన్న నమ్మడు. నమ్మాలని నేను అడగను. అన్ని అబద్ధాలు చెప్పిన నోరు, ఓడిపోయాక ఒక నిజం తెచ్చిందంటే నేనైనా నమ్మను. నువ్వు నమ్ముతావో లేదో కూడా తెలియదు.

సోషల్ పుస్తకం తీసి ఆ మడతలు ఒకసారి చూడు. విప్పకుండా చూడు. మడత దగ్గర కాగితం పసుపుపచ్చగా అయి తెగడానికి వచ్చింది. నిన్నో మొన్నో మడిస్తే అట్లా కాదు. అంతకంటే నా దగ్గర సాక్ష్యం లేదు.

నమ్మితే ఎర్ర పెన్ను ఎక్కడుందో నీకు తెలుసు. వాళ్ళిద్దరికీ ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం. నమ్మకపోతే ఏమీ అడగకు, సాయంత్రం వచ్చి అన్నం తిను. నేను రాసింది ఏదీ దాచలేదు. మిగతా పన్నెండు ఆటల నిజం అంకెలు కూడా వెనుక పేజీలో వేశాను, నాకు అన్నీ యాదికున్నాయి. చాలా తక్కువ కొట్టాడు పాపం.

ఈ నోటుబుక్కును నీ టిఫిన్ సంచిలో పెడుతున్నాను. కాంటా దగ్గర లారీలు లేనప్పుడు చదువు. చదివినాక ఇంటికి తేవద్దు. మిల్లులో ఊక పొయ్యి ఎప్పుడూ మండుతూనే ఉంటుంది కదా, దాంట్లో వెయ్యి. ఆ సోషల్ పుస్తకాన్ని మాత్రం ఉంచు.